కొలత తగ్గిన పాలు

క్యానులో గరిటె పెట్టి పాలను అడుగు నుంచి కలపాలి. చిన్న కప్పులో కాసిని తీసి మిషన్ గొట్టం కింద పెట్టాలి. అంకె వెలిగేదాకా ఆగాలి. పాలకేంద్రంలో కరుణశ్రీ పని ఇంతే. ఇంత చిన్న పనిలో ఇంత సంతోషం ఉంటుందని ఆమె బీఎస్సీ చదివినన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. నురగ వాసన, తెల్లవారుజామున మిషన్ మీద వెలిగే పచ్చటి అంకెలు, అన్నీ ఆమెకు ముచ్చటే. పెళ్ళికి పెట్టిన చీరలు ఇంకా అన్నీ కట్టనే లేదు, అప్పుడే సొంత ఉద్యోగం. ఆత్మకూరులో సెల్‌ఫోన్ల షాపు నడిపే మొగుడు సైమన్ అయితే వచ్చినవాళ్ళందరికీ "మా ఆవిడ సైంటిస్టు" అని చెప్పుకుంటున్నాడు.

ఉద్యోగం ఇప్పించింది మామ వరప్రసాదం. ఊళ్ళో సంఘపెద్ద. కేంద్రం నడిపే జనార్దనయ్య ఆయన మాట కాదనడు. ఆమెకు ముందు ఆ పనిలో ఉన్న కుర్రాడు పెద్దాయన క్యానుకు మిషన్ పెట్టేవాడే కాదు, కొలిచి రాసుకునేవాడు. ఆ సంగతి తెలియని కరుణశ్రీ అందరికీ పెట్టినట్టే మామ పాలకూ పెట్టింది. నీళ్ళు కలిశాయని చూపించింది మిషన్. కరుణశ్రీ దాన్ని కడిగి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే.

"నీళ్ళు చూపిస్తాండాది మామా" అంది మెల్లగా.

వరుసలో ఉన్న కొండలయ్య పకపకా నవ్వాడు. "ఏం వరప్రసాదం, కోడలు నీకే పెట్టిందే పరీక్ష!"

నీళ్ళు కలిసిన క్యాను తీసుకోకుండా పక్కన పెట్టాలి. పెట్టింది. మామ దాన్ని ఎత్తుకుని ఇంటిదారి పట్టాడు.

మాటలన్నీ ఇంట్లో వచ్చాయి. "నా జన్మలో పాలలో చుక్క నీళ్ళు పోసినోణ్ణి కాదు. నలుగురిలో నా తల తీసేసినావు. రేపు గూడా నీ మిషన్ ఇట్నే చెప్తే ఉద్యోగం మానుకో. జనార్దనయ్యకు నేనే చెప్తా." అత్త హన్నమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి "మేత మార్చినాం, పల్చబడుంటాయిలే" అంది, ఎవరి మొహమూ చూడకుండా. సైమన్ చెయ్యి పట్టుకుని నవ్వాడు. "మనింటి క్యాను వచ్చినప్పుడు కళ్ళు మూసుకోరాదా కరుణా? ఎవురు చూడొచ్చినారు?" అతని నవ్వు నచ్చకపోవడం ఆమెకు అదే మొదటిసారి.

మామ అబద్ధమాడలేదనిపించింది. పాలు పితికేది ఆయన కాదు కదా. మేత కోసేదీ, పేడ ఎత్తేదీ, పితికేదీ అత్త. క్యాను మోసుకెళ్ళేదీ, డబ్బు అందుకునేదీ మామ. పాలలోంచి మగవాళ్ళిద్దరి కాఫీకి కాసిని తీసి, మిగతావన్నీ కేంద్రానికి. ఆడవాళ్ళకు బెల్లం టీ. కొత్తలో కరుణశ్రీ అది ఈ ఇంటి అలవాటనుకుంది. అల్లం దంచి వేస్తే బాగుంటుందని అత్తకు నేర్పింది కూడా. 'ఆడోళ్ళకు పాలెందుకు, పాలంటే డబ్బు' అని మామ ఒకసారి అంటే, పొదుపరి మనిషి అని మురిసిపోయింది.

మర్నాడు ముందే లేచి కొట్టంలోకి వెళ్ళింది. హన్నమ్మ గేదె చాటున నిలబడి, క్యానులోంచి ముంచిన పెద్ద గ్లాసెడు పాలు గటగటా తాగుతోంది. మూతి తుడుచుకుని, పక్కన కుడితితొట్టిలో ముంత ముంచింది. తలెత్తేసరికి కోడలు.



"ఎందుకత్తా? తాగితే తాగినావు, నీళ్ళెందుకు?"

"కొలత తగ్గితే మీ మామ అడగతాడు. నీళ్ళు పోస్తే అడగడు." హన్నమ్మ గొంతులో సిగ్గు కంటే విసుగే ఎక్కువ ఉంది. "ఆసుపత్రిలో నర్సమ్మ రక్తం లేదు, పాలు తాగమనింది. మీ మామకు చెప్తే, రక్తం లేకుండానే ఇంత పని చేస్తాండావా అన్నాడు."

"అవి కుడితినీళ్ళు అత్తా. ఏ పసిబిడ్డకో పడతారు ఆ పాలు."

"నేనూ బిడ్డల్ని కన్నా. నాకెవురు పోసినారు?"

కరుణశ్రీ అత్త చేతిలోంచి ముంత తీసుకుని నీళ్ళు మళ్ళీ తొట్టిలో కుమ్మరించింది. హన్నమ్మ ఆమెను పరకాయించి చూసి, గ్లాసుతో క్యానులోంచి ఇంకోసారి ముంచింది. "నీకు మాత్రం ఎక్కడుండాది రక్తం, తాగు." పాలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. నురగ పైపెదవికి అంటుకుంటే కరుణశ్రీకి నవ్వొచ్చింది. ఇద్దరూ నవ్వారు, చప్పుడు కాకుండా.

"తగ్గినాయంటే ఎండలకు అని చెప్పు" అంది హన్నమ్మ మూత బిగిస్తూ. "తప్పు బర్రె మీదికి పోతాది."

కేంద్రంలో మిషన్ చిక్కటి పాలని చూపించింది. వరప్రసాదం మొహం వెలిగింది. "చూసినావా కొండలయ్యా?" అన్నాడు వెనక్కి తిరిగి. కొలత దగ్గరికి వచ్చేసరికి ఆ వెలుగు పోయింది.

"ఏందమ్మాయ్, ఇంత తగ్గినాయి? బర్రె ఒట్టిపోతాండాదా?"

వరుసంతా చెవులు రిక్కించింది. ఎండలకు అనొచ్చు. అంటే ఉద్యోగం ఉంటుంది, ఇంట్లో గొడవా ఉండదు.

"బర్రె బాగానే ఇస్తాండాది మామా" అంది కరుణశ్రీ, అందరికీ వినపడేట్టుగానే. "అత్తా నేనూ తాగినాం. రేపట్నించి ఇన్నే వస్తాయి."

ఖాళీ క్యాను ఆయన చేతికిచ్చి, కొండలయ్య క్యాను మూత తీసింది.