నడిమి గ్లాసు

నేను ఒక టేబుల్ టెన్నిస్ బంతిని. మూడు గ్రాములు కూడా తూగను. కాలి కింద పడితే చప్పుడు వినబడాలే తప్ప, నన్ను తొక్కిన సంగతి మనిషికి తెలియదు. ఇంతోటిదానికి ఆత్మకథ ఒకటా అని మీరు నవ్వవచ్చు. నవ్వండి. నేను మునిగిన చోట మీరూ మునిగి ఉంటే నవ్వు రాదు, డోకు వస్తుంది.

నా పుట్టుక మాత్రం శుభ్రమైనదే. దూరదేశపు కార్ఖానాలో కర్పూరం కలిపి చేసిన పలుచని రేకును రెండు చిప్పలుగా ఒత్తి, అంచులు చేర్చి అతికించారు. ఆ అతుకు నా నడుము చుట్టూ ఉంది. నున్నగా అరగదీశారు కనుక పైకి కనిపించదు. లోపల మూసిపెట్టిన గాలిలో మాత్రం కర్పూరం వాసన. ఆ వాసన వల్ల నాకు కాస్త గీర ఉండేదని ఒప్పుకుంటున్నాను. గుళ్ళో వెలగాల్సిన సరుకుతో చేశారు, మురికి నా దగ్గరికి రాదు అనుకునేదాన్ని.

విజయవాడ బీసెంట్ రోడ్డులోని ఒక దుకాణంలో నన్ను కొన్నది ఖాసిం మాస్టారు. ఆయన బంతిని కొనే పద్ధతే వేరు. అద్దాల బల్ల మీద వేళ్ళతో గిర్రున తిప్పి, కొంచెం తడబడినా పక్కన పెట్టేసేవారు. ఆ రోజు పన్నెండింటిని తిప్పి రెండింటిని ఏరుకున్నారు. అందులో నేనొకదాన్ని. గవర్నరుపేటలో ఆయనకు ఒక రేకుల షెడ్డు, అందులో రెండు బల్లలు, పదిమంది పిల్లలు ఉండేవారు. ఆ పిల్లల్లో నాగలత ఒకతె. పద్నాలుగేళ్ళది, బక్కపలచది, ఓడితే బల్ల కింద దూరి ఏడ్చేది.

గురి ఎక్కడ పెట్టాలో మాస్టారే నేర్పారు. ఎదుటిమనిషికి ఏ పక్క చేతకాదో చూడు, బంతి అక్కడికే పంపు అనేవారు. జిల్లా పోటీల ఆఖరి ఆటలో నాగలత అదే చేసింది. ఎదుటి పొడుగు పిల్లకు ఎడమపక్క సరిగా రాదు. ఎనిమిది పాయింట్లు నన్ను అటే కొట్టింది. ఇంతలో ఆ పిల్ల భుజం ఎక్కడో పట్టేసింది. చెయ్యి ఎత్తలేక పళ్ళు బిగబట్టింది. నాగలత మళ్ళీ అటే కొట్టి రెండు పాయింట్లు తెచ్చుకుంది. మాస్టారు లేచి ఆట ఆపించి, తన జేబులోని జండూబామ్ డబ్బా ఆ పిల్లకిచ్చి, తన శిష్యురాలి దగ్గరికి వచ్చారు.

"చేతకానితనం మీద కొట్టు, తప్పులేదు. నొప్పి మీద కొట్టమాక. అట్టా గెలిస్తే అన్నం సయించదమ్మా" అన్నారు.

ఆ తర్వాత నాగలత కుడిపక్కకే ఆడింది, అయినా గెలిచింది. మాస్టారు నా మీద నీలిసిరాతో ఆనాటి తారీకు వేసి ఆమె చేతిలో పెట్టారు. కొన్నేళ్ళకు మాస్టారు పోయారు, షెడ్డు ఉన్నచోట ఇప్పుడు బిర్యానీ హోటలు ఉంది. నేను మాత్రం పదమూడేళ్ళు నాగలత సంచిలో, చిన్న స్టీలు డబ్బాలో హాయిగా ఉన్నాను.

ఆమె ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో ఆర్డర్లు చూసే ఉద్యోగంలో చేరింది. సోమవారం మీటింగుల్లో మేనేజరు త్రివిక్రమ్ అరుస్తున్నంతసేపూ బల్ల కింద నన్ను అరచేతిలో తిప్పుకుంటూ కూర్చునేది. నా సంగతి ఆ రకంగా ఆఫీసంతా తెలిసింది. అదే నా కొంప ముంచింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం సేల్సు వాళ్ళందరినీ త్రివిక్రమ్ నూజివీడు దగ్గర ఒక మామిడితోటకు విందుకు పిలిచాడు. రానంటే కుదరదు. అతగాడు గోవాలో నేర్చుకొచ్చిన ఆట ఒకటి ఉంది, అందరిచేతా ఆడించాలని ఉబలాటం. పొడుగాటి బల్లకు అటు ఏడు, ఇటు ఏడు బీరు గ్లాసులు పెడతారు. ఏడింటిలో నడుమ ఒకటి, చుట్టూ ఆరు. అవతలి గ్లాసుల్లోకి బంతి విసరాలి. గోవాలో ఆడేది అంతవరకే. దానికి త్రివిక్రమ్ సొంత తెలివి జోడించాడు. ప్రతి గ్లాసు మీద ఒక మనిషి పేరు రాసి అంటించాడు. బంతి ఎవరి గ్లాసులో పడితే వాళ్ళు అది ఖాళీ చెయ్యాలి, మళ్ళీ నింపి అక్కడే పెడతారు. ఏ జట్టులో ఎవరైనా సరే ఒక్కరు తాగలేనంటే ఆ జట్టు మొత్తం ఓడినట్టు. ఓడిన ఏడుగురికీ వానాకాలం నాలుగు నెలలూ చింతూరు అవతలి ఏజెన్సీ ఊళ్ళ డ్యూటీ. జలగలు, జ్వరాలు, దారి ఉండని వాగులు.

గ్లాసులు మూడు డజన్లు తెచ్చినవాడు బంతి తేవడం మరిచాడు.

"నాగలతా, నీ సంచిలో ఉంటది గదా ఎప్పుడూ. తియ్యి తియ్యి" అన్నాడు.

ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. తరువాత డబ్బా తెరిచి ఇచ్చేసింది. నేను ఆమెను తప్పుపట్టను. జీతమిచ్చేవాడు చెయ్యి చాపితే అందరూ ఇచ్చేవాళ్ళే. కాని ఆ చెయ్యి నిండా కోడి వేపుడు నూనె.

ఇక నా గతి వినండి. అదృష్టం కోసమని త్రివిక్రమ్ మొదట నా మీద ఉమ్మాడు. నిజంగానే ఉమ్మాడు. ప్యాంటుకు తుడిచి విసిరాడు. గురి తప్పి బల్ల కింద ఎముకల్లో పడ్డాను. గోడౌను గంగులు తీసి చంకలో రుద్ది మళ్ళీ అందించాడు. "కడగండ్రా" అని ఎవరో అంటే ఒక గ్లాసుడు నీళ్ళు పెట్టారు. పది విసుర్లయ్యేసరికి ఆ నీళ్ళు కుడితిలా అయ్యాయి, పైన రెండు మీసం వెంట్రుకలు తేలుతున్నాయి. అందులో ముంచి, శుభ్రమైందని నమ్మి, నన్ను మనుషులు తాగే గ్లాసుల్లోకి విసిరారు. నేను పడిన గ్లాసులోంచి నన్ను వేలితో తీసేసి వాళ్ళు గటగటా తాగారు. పశువు కూడా నీళ్ళు వాసన చూసి తాగుతుంది. ఆఫీసులో అన్నానికి ముందు మూడుసార్లు చేతులు కడుక్కునే మనుషులు వీళ్ళేనా అని నాకు ఒళ్ళంతా కంపరమెత్తింది.

ఇంతలో గంగులు నన్ను తొక్కాడు. ఒక పక్క సొట్టపడింది. త్రివిక్రమ్ కంగారుపడలేదు. టీ కాచే గిన్నెలో మరిగే నీళ్ళలో నన్ను వేయించాడు. సొట్ట టప్పున బయటికి వచ్చింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఆటలో చేరకుండా దూరంగా కుర్చీలో ఉన్న నాగలత మాత్రం కొట్టలేదు. వేడినీళ్ళలో వేసిన బంతి గుండ్రంగా కనిపిస్తుందే గాని దాని అతుకు వదులైపోతుందని మాస్టారి శిష్యులందరికీ తెలుసు.

అసలు రోత అప్పుడు మొదలైంది. అవతలి జట్టులో వీరాస్వామి అని ఒకాయన ఉన్నాడు. ఏభై దాటిన మనిషి, డీలర్ల దగ్గరికి సరుకు చేరవేసే పని. కిందటేడు కామెర్లు ముదిరి లివరు దెబ్బతింది. ఆసుపత్రి నుంచి బతికి బయటపడిన రోజు నుంచి చుక్క ముట్టలేదు. పదకొండు నెలలు. ఒక్క గ్లాసు తాగినా మళ్ళీ తన దగ్గరికి తీసుకురావద్దని డాక్టరు ఆయన భార్య సుబ్బరత్నంతో చెప్పి పంపించాడు. ఈ కథ ఆఫీసులో తెలియనివాళ్ళు లేరు. ఆడేముందే ఆయన చేతులు జోడించాడు.

"నన్ను ఆటలో అరటిపండు కింద వదిలెయ్యండి సార్."

"ఏడుగురు ఉండాలి గదా వీరాస్వామీ. నీ గ్లాసులో పడనియ్యంలే. అయినా పెద్దవాడివి, నీ గ్లాసు నడుమ పెడితే మర్యాదగా ఉంటది" అన్నాడు త్రివిక్రమ్.

ఇలా మర్యాద పేరు చెప్పి ఆయన గ్లాసును నడిమధ్య పెట్టించాడు. తన జట్టు నడుమ పెట్టింది గంగులు గ్లాసు, కుండ తాగినా తొణకని మనిషిది. అరగంట ఆడినా ఎవరూ ఓడకపోయేసరికి త్రివిక్రమ్ తన జట్టును చుట్టూ చేర్చి, సోమవారం మీటింగులో లాగా వేళ్ళు మడుస్తూ పాఠం చెప్పాడు. నేను అతగాడి గుప్పిట్లోనే ఉన్నాను, ప్రతి మాటా విన్నాను.

"అంచు గ్లాసులు కొట్టేవాడు వెర్రోడు. తప్పితే నేలపాలే. నడిమిది చూసి కొట్టండి. అటూ ఇటూ అయినా పక్కదాంట్లో పడుద్ది, మనకి నష్టం లేదు." కాస్త గొంతు తగ్గించాడు. "ఇంకోటి. గ్లాసుని చూడమాకండి, మనిషిని చూడండి. తాగేవాడికి పది గ్లాసులు పోసినా పడడు. తాగలేనివాడికి ఒక్కటి చాలు. నడుమ ఎవరున్నారో చూశారుగా?"

అందరూ నవ్వారు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా! బలహీనమైన పక్కకు గురిపెట్టమని మా మాస్టారూ చెప్పారు, ఇతగాడూ చెప్పాడు. పైకి రెండూ ఒకే మాటలాగా ఉంటాయి. ఆ గుప్పిట్లో ఉండి తేడా నాకు ఎంత తెలిసిందంటే, నా మీద నాకే అసహ్యం వేసింది. బంతికి ఇష్టాయిష్టాలు లేవు. ఎటు విసిరితే అటు పోతుంది.

త్రివిక్రమ్ విసిరాడు. నేను నేరుగా వెళ్ళి నడిమి గ్లాసులో పడ్డాను.

కేకలు మిన్నంటాయి. వీరాస్వామి నన్ను వేలితో మెల్లగా తీసి బల్ల మీద పెట్టి, "నా వల్ల కాదు" అన్నాడు.

త్రివిక్రమ్ జట్టువాళ్ళు అరిస్తే అర్థముంది. అరిచింది ఆయన జట్టువాళ్ళే. జోజిబాబు అని ఒక కుర్ర సేల్సుమన్ ఆయన భుజం పట్టుకున్నాడు. "ఒక్క గ్లాసే గదా బాబాయ్! నీ ఒక్కడి మూలంగా ఏడుగురం ఆ అడవుల్లో చావాలా? నాకు చంటిపిల్ల ఉంది. గుటుక్కున మింగెయ్యి, అయిపోద్ది." మిగతా ఐదుగురూ తల ఊపారు. వచ్చేదారిలో ఆయన తెచ్చిన టిఫిను పంచుకు తిన్నవాళ్ళే. వీరాస్వామి అందరి మొహాలూ చూసి, గ్లాసు ఎత్తాడు. నురగ మణికట్టు మీదుగా కారింది.

అప్పుడు నాగలత లేచి వచ్చింది.

"వీరాస్వామి గారూ, ఒక్క నిమిషం ఆగండి. సార్, ఆ బంతి ఇటివ్వండి."

త్రివిక్రమ్ మొహం వెలిగింది. "అబ్బో, ఛాంపియన్ దిగుతుంది! ఏ గ్లాసు కొడతావు?"

ఆమె నన్ను తీసుకుని చీర కొంగుతో తుడిచింది. పదమూడేళ్ళుగా నేనెరిగిన చెయ్యి. బల్ల మీద అవతల త్రివిక్రమ్ పేరున్న గ్లాసు నిండుగా ఉంది. ఇంకేముంది, వరసబెట్టి పదిసార్లు అందులోనే వేస్తుంది, అతగాడు తాగి తాగి అక్కడే కక్కుతాడు అని నేను సంబరపడ్డాను. ఈ మాట దాచను, ఆ రోత నాక్కూడా అంటుకుంది. ఆమె కూడా ఆ గ్లాసు వంకే చూసింది. చెయ్యి కాస్త లేచింది. మళ్ళీ దిగిపోయింది.

తారీకు వేసిన వైపును బొటనవేలితో ఒకసారి తడిమి, రెండు బొటనవేళ్ళూ నా నడుము మీద ఆనించింది. అతుకు ఎక్కడుందో ఆమెకు తెలుసు. ఒక్క నొక్కు నొక్కింది. టప్పుమని నేను రెండు చిప్పలయ్యాను. ఇన్నేళ్ళూ లోపల దాగిన కర్పూరం వాసన ఆ బీరు కంపులో ఒక్కసారి గుప్పుమంది.

"ఇంక బంతి లేదు సార్. వీరాస్వామి గారూ, ఆ గ్లాసు కింద పెట్టండి" అంది.

ఆయన కింద పెట్టలేదు, తీసుకెళ్ళి మామిడి పాదులో పారబోశాడు. మనుషుల పట్టుదల చూడండి, అప్పటికీ గంగులు నిమ్మకాయతో ఆడదామన్నాడు. విసిరితే మూడు గ్లాసులు బోర్లాపడి త్రివిక్రమ్ ప్యాంటు తడిసింది. అతగాడు కోపంతో అవతలి జట్టు ఓడినట్టే అని ప్రకటించాడు. ఆ వానాకాలం ఏజెన్సీ డ్యూటీ జాబితాలో ఏడు పేర్లకు తోడు ఎనిమిదోది నాగలతది చేరింది. జోజిబాబు ఆమెతో చాలాకాలం మాట్లాడలేదు.

అందరూ కార్లెక్కుతుంటే వీరాస్వామి నా రెండు చిప్పలనూ కుళాయి దగ్గర సబ్బుతో మూడుసార్లు కడిగాడు. తారీకున్న చిప్పను నాగలతకు ఇచ్చాడు. "పాడైపోయిందమ్మా నీ బంతి" అని కళ్ళు తుడుచుకున్నాడు. "రెండోది మీ దగ్గర ఉంచుకోండి" అంది ఆమె.

ఏ చిప్పలో ఉండి ఈ కథ చెబుతున్నానని అడగకండి, కర్పూరం వాసన రెండింటిలోనూ ఉంది. నాకు ఇప్పుడు తెలిసింది వీరాస్వామి ఇల్లే. కిటికీ గూట్లో, దేవుడి పటానికి పక్కన ఉంటాను. ఎన్నో గ్లాసుల్లో మునిగాను, ఇప్పుడు నేనే ఒక చిన్న గిన్నెను. రోజూ పొద్దున సుబ్బరత్నం నాలో రెండు తెల్లని మాత్రలు వేసి, పక్కన మంచినీళ్ళు పెడుతుంది. వీరాస్వామి అవి వేసుకుని, నన్ను కడిగి, బోర్లించి, గోడ మీది క్యాలెండరులో ఆనాటి గడికి గీత పెడతాడు.

ఆయన చుక్క ముట్టక ఆ ఆదివారానికి పదకొండు నెలలు. నిన్నటితో పంతొమ్మిది నిండాయి.