ముందు పాకే బిళ్ళలు

సైన్యంలో మ్యాపులు గీసే గదిలో పని అని నా మనవరాలు చెప్పింది. నేను నమ్మలేదు. మ్యాపులు గీసే పిల్లకి మోచేతుల మీద చర్మం అలా గీరుకుపోతుందా? అడిగితే, "మెట్ల మీద పడ్డాను అమ్మమ్మా" అంది. రెండు మోచేతులూ ఒకేసారా? వాళ్ళ తాత కూడా "స్టోర్సులో పని, భయం లేదు" అనే వెళ్ళాడు. చివరికి ఆయన పెట్టె ఒక్కటే ఇంటికొచ్చింది.

సెలవు అయిపోయి సాయంత్రం బస్సెక్కాలి. మధ్యాహ్నం వాళ్ళ మేనమామతో యుద్ధం ఆటకి కూర్చుంది. నా కొడుకు గడియారాలు బాగుచేస్తాడు. భోజనాల బల్ల మీద మ్యాప్ పరిచి, అట్టబిళ్ళల్ని సైన్యంగా పేర్చాడు. పాత గడియారాల మరలు మందుపాతరలు. మెలితిప్పిన తీగ ముళ్ళకంచె. నేను పక్కనే పుస్తకం పట్టుకుని, ఒక్క పేజీ కూడా తిప్పకుండా కూర్చున్నాను.

"కానీవే, నీ సిపాయిల్ని తోలు" అన్నాడు వాడు.

"తోలడానికి గొర్రెలా మావయ్యా? ముందు కాల్పులు. అవతలివాళ్ళు తలెత్తకూడదు. తర్వాత పొగ." దూది పీకి కంచె ముందు పరిచింది.

"ఇంత పొగా! మీ అమ్మమ్మ వంటింట్లో కూడా ఇంత రాదు."

"నా వంట తినే ఇంతవాడివయ్యావురా" అని, దాని వైపు తిరిగాను. "తర్వాతేంటే?"

"తర్వాత మేం పాక్కుంటూ వెళ్ళి మందుపాతరలు తీసేస్తాం, కంచె కోస్తాం, దారికి రెండు పక్కలా జెండాలు పాతుతాం. ఆ సందులోంచి సిపాయిలొస్తారు."

దాడికి దిగే బిళ్ళలన్నీ దానివే. మరి సిపాయిలు "వస్తారు", పాకేవాళ్ళు మాత్రం "మేం" ఎలా అయ్యారు?

"మేం అంటే ఎవరే?"

అది చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇంజనీర్లు, అమ్మమ్మా. ఆటలో."

"ఇంజనీర్లంటే వంతెనలు కట్టేవాళ్ళనుకున్నాను."

"అవీ కడతాం" అని నాలుక కరుచుకుంది.

నా కొడుకు కళ్ళద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. వాడికీ తెలుసన్నమాట.

"మోచేతుల మీద దెబ్బలు మెట్లవి కావు కదూ?"

"శిక్షణలో గీరుకున్నాయి. అక్కడ అన్నీ ఉత్తుత్తి మందుపాతరలే అమ్మమ్మా."

"అక్కడ సరే. ఆ తర్వాత వెళ్ళేచోట?"

అది పాచిక తీసి నా చేతిలో పెట్టింది. "నువ్వు వెయ్యి. పాకేవాళ్ళు దాటాలి."

"ఎంత పడాలి?"

"ఏది పడినా ఫర్వాలేదు."

"అయిదు పడాలమ్మా" అన్నాడు నా కొడుకు, తలెత్తకుండా. "తగ్గితే ఆ బిళ్ళ పోతుంది."

వెళ్ళేముందు కూడా నన్ను మభ్యపెట్టడమే! పాచిక వెయ్యలేదు. గుప్పిట్లో బిగించుకునే దాని వెంట బస్సు దాకా నడిచాను. బస్సు మలుపు తిరిగాక కూడా గుప్పిట విప్పలేదు.