మీకు నడకెందుకండీ

కాకరకాయ ముద్దను గుడ్డలో వేసి రసం పిండుతుంటే, మావారు గోపాలరాజు గారు పేపరు వెనక నుంచే అన్నారు. "రోజంతా ఏసీలో కూర్చునే ఉద్యోగం కదండీ మీది. మీకు డిప్రెషన్ ఏంటండీ?"

మా ఇంట్లో కోడలిని కూడా 'మీరు' అనే అంటారు. పెళ్ళయిన కొత్తలో ఆ మర్యాదకి మురిసిపోయాను. మనసు చివుక్కుమనిపించే మాటకీ చివర్న 'అండి' తగిలిస్తే తిరిగి ఏమీ అనలేమని తెలియడానికి ఏళ్ళు పట్టింది.

భీమవరంలో ఒక రొయ్యల మేత కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. కిటికీ లేని గది, ఎదురుగా కంప్యూటరు. ఆయన కారులో దింపుతారు, సాయంత్రం కారులోనే తీసుకొస్తారు. ఒంటికి ఎండ తగిలి ఎన్నాళ్ళయిందో. మేనేజరు గారి పని తెమిలాక చల్లారిన కేరేజీ విప్పుతాను. ఇంటికొచ్చి వంటింట్లో దూరితే అందరూ పడుకున్నాకే బయటకొస్తాను. అప్పుడు పడుకున్నా నిద్ర రాదు. నిన్న ఆఫీసులో కంప్యూటరు ముందు ఉన్నట్టుండి ఏడ్చేశాను. పక్క సీటు అశ్విని చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఇది జబ్బేనమ్మా, మందులు వాడాలి. దాంతోపాటు రోజూ పొద్దున్న ఎండలో నడవాలి. వేళకి తినాలి, వేళకి పడుకోవాలి" అన్నారు డాక్టరమ్మ.

నిరుడు ఆయనకి షుగరు వచ్చినప్పుడు చెప్పినవీ ఇవే. అప్పుడు ఇల్లంతా కదిలింది. అత్తయ్యగారు సూర్యావతి గారు దగ్గరుండి తెల్ల బూట్లు కొనిపించారు. భోజనాల వేళ ముందుకు జరిగింది. వారం తిరక్కుండా బూట్లు మంచం కిందికి చేరాయి, రసం పిండే పని మాత్రం నాకు మిగిలింది.

నా నడక మాట ఎత్తితే అత్తయ్యగారు రాత్రి నవ్వేశారు. "మీకు నడకెందుకండీ? ఇల్లు తుడిస్తే సరిపోదూ? మన ఇంటి ఆడవాళ్ళు రోడ్డు మీద నడవరండి. అంతగా అయితే డాబా మీద తిరగండి."

ఇప్పుడు పేపరు వెనక నుంచి ఈ మాట. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్ని నెలలుగా ఏదీ అనిపించని మనిషికి కోపం రావడం ఎంత బాగుందో! బతికే ఉన్నాననిపించింది. చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకుని, గేటు తీసుకుని కాలవగట్టు వైపు నడిచాను. వెనక నుంచి అత్తయ్యగారి కేకలు వినబడుతూనే ఉన్నాయి.

వంతెన దగ్గర కారు నా పక్కకొచ్చి ఆగింది. ఆయన అద్దం దించారు.

"ఎక్కండి నాగశ్రీ గారూ. అందరూ చూస్తున్నారండి."

"చూడనివ్వండి. అలవాటవుతుంది."

"రేపట్నుంచి చూద్దాం లెండి."

"రేపూ వస్తానండి. ఎల్లుండీ వస్తాను."

ఆయన వాచీ చూసుకున్నారు. "మరి నా రసం?" అన్నారు.

"మిమ్మల్నీ నడవమన్నారు కదండీ. కారు పక్కన పెట్టి వస్తే కలిసి నడుద్దాం. లేదంటే ఇంటికెళ్ళండి. ముద్ద గుడ్డలోనే ఉంది, పిండుకోండి."

ఒక్క 'అండి' కూడా తగ్గించకుండా చెప్పి, ఎండలోకి నడిచాను.