వంతెన దగ్గర పిలవాల్సిన పేరు

చ్యూ వెన్‌యావ్‌కి దేవుడిచ్చిన ఆస్తి అతని గొంతు. ఎవరి మీదా లేవని గొంతు అది. మంత్రిగారి గది బయట పొద్దుటి నుంచి కూర్చోబెట్టి, భోజనాల వేళ దాటాక "ఇవాళ కుదరదు, రేపు రండి" అని గుమాస్తా చేత చెప్పిస్తే, "మీ వీలే మా వీలండీ" అని ఫ్రెంచిలో తేనె పూసినట్టు చెప్పి లేచి రాగలడు. తైవాన్ రాజధాని తైపేలోని విదేశాంగ శాఖ పెద్దలకి ఆ గొంతు విలువ బాగా తెలుసు. అందుకే ఏ దేశంతో స్నేహం తెగేలా ఉంటే ఆ దేశానికి అతన్ని పంపేవారు.

పాపం, అతను వెళ్ళి ఆపగలిగింది ఏమీ లేదు. మొదటి దేశంలో సామాను సర్దుకునేలోపే అది తైవాన్‌ని వదిలి బీజింగ్ వైపు తిరిగింది. రెండో దేశంలో నాలుగేళ్ళు నెట్టుకొచ్చాడు, అదీ తిరిగింది. శాఖ క్యాంటీన్లో అతని మీద ఒక జోకు నడిచేది. "వెన్‌యావ్‌ని పంపుతున్నారా? అయితే జెండా మడతపెట్టుకునే పెట్టె కూడా ఇచ్చి పంపండి." అతనూ వాళ్ళతో కలిసి నవ్వేవాడు. భార్య సూయున్ మాత్రం ఆ జోకు విని నవ్వలేదు. "నవ్వేవాళ్ళని వచ్చి ఓ రోజు ఆ ఎండలో నిలబడమను. నీకెందుకొచ్చిన తిప్పలు ఇవన్నీ? మా అమ్మ కొట్లో గిన్నెలు కడుగుదువుగాని, రా" అంది.

ఆమె తల్లి లిన్ చుయి తైవాన్ దక్షిణాన మాడౌ ఊరి బజార్లో ఆవిరి గిన్నెలు అమ్మేది. మట్టి గిన్నెలో బియ్యప్పిండి, మధ్యలో పంది మాంసం, ఎండు పుట్టగొడుగు, పైన చిక్కటి సోయా పులుసు. వెన్‌యావ్ అదే వీధి కుర్రాడు. ఆ కొట్టు దగ్గర ఆవిడ చేతి గిన్నెలు తిని, ఆవిడ నోటి తిట్లు తిని పెరిగినవాడే. అల్లుడయ్యాక గిన్నెలు పెద్దవయ్యాయి గాని, తిట్లు తగ్గలేదు.

మూడో దేశం పశ్చిమాఫ్రికాలో, పెద్ద నది ఒడ్డున. అక్కడ అతను రాయబారి తరవాతి మనిషి. "ఇదొక్కటీ అయిపోనీ, ఊరెళ్ళిపోదాం" అన్నాడు సూయున్‌తో. ఈ మాట ముందు రెండు దేశాల్లోనూ అన్నాడు. ఆమె నమ్మలేదు, కాదనలేదు. నూక బియ్యం రుబ్బి, అక్కడి సంతలో దొరికే చేప ఎండబెట్టి, అవే ఆవిరి గిన్నెలు అక్కడా చేసింది. తైవాన్ నుంచి వచ్చి అక్కడ వరి పండించేవాళ్ళు ఆదివారం వచ్చి తిని, కళ్ళు తుడుచుకుని వెళ్ళేవారు.

ఆ ఏడు వానలు విరుచుకుపడ్డాయి. సూయున్‌కి జ్వరం వచ్చి తగ్గింది, మళ్ళీ వచ్చింది. "నన్ను అమ్మ దగ్గరికి పంపెయ్. ఒళ్ళు బాలేదు" అని అడిగింది. అక్టోబరు పదో తారీఖు దగ్గరపడుతోంది. ఆ రోజు తైవాన్ జాతీయ పండగ, రాయబారి కార్యాలయంలో విందు. రాయబారి థాన్ గారి భార్య తైపేలోనే ఉంటుంది, గుమ్మంలో నిలబడి అతిథుల్ని పలకరించడానికి ఇంటి ఆడమనిషంటూ సూయున్ ఒక్కతే. ఈసారి అక్కడి విదేశాంగ మంత్రి వస్తానన్నాడు. ఆయన వస్తే స్నేహం ఇంకో ఏడాది నిలిచినట్టే.

"విందు అవగానే వెళ్దువుగాని" అన్నాడు వెన్‌యావ్. మంత్రులతో మాట్లాడే గొంతుతోనే అన్నాడు.

ఆమె నీలం గౌను వేసుకుని, బుగ్గలకి రంగు పూసుకుని, ఒంట్లో కాగుతున్న జ్వరంతో వచ్చినవాళ్ళందరికీ చెయ్యి కలిపింది. మంత్రి రాలేదు. ఎవరో చిన్న అధికారిని పంపించి ఊరుకున్నాడు. ఆ రాత్రి మంచమెక్కిన సూయున్ మళ్ళీ లేవలేదు. నెల తిరక్కుండానే పోయింది.

అక్కడ దహనం చేసే చోటు ఒక్కటే ఉంది. నది ఒడ్డున గుజరాతీ వర్తకులు తమవాళ్ళ కోసం కట్టుకున్నది. వాళ్ళు ఎందుకు, ఏమిటి అని అడక్కుండా కట్టెలిచ్చారు. అస్థికలు పెట్టెలో పెట్టుకుని ఇంటికొచ్చి, ఆమె ఫోటో ముందు ధూపం వెలిగించి, వెన్‌యావ్ మాడౌకి ఫోన్ చేశాడు. అత్తగారు ఏడుపు దిగమింగుకునే మాట్లాడింది.

"ఎముకలు పెట్టెలో వస్తాయి, సరే. మనిషి రావాలి కదా నాయనా. ధూపం బూడిద ఎర్రగుడ్డలో మూటకట్టి జేబులో పెట్టుకో. గుమ్మం దాటేటప్పుడు, వంతెన దాటేటప్పుడు, విమానం ఎక్కేటప్పుడు దాన్ని పేరుపెట్టి పిలు. పైకి వినపడేలా పిలు. మన ఇంటి మాటలో పిలు. నీ ఆఫీసు భాషలో పిలిస్తే అది పలకదు."

"అలాగే అత్తయ్యా."

"అలాగే అంటే సరిపోదు. వంతెన దగ్గర పిలవకపోతే ఇటు పక్కనే ఆగిపోతారు పోయినవాళ్ళు. దానికి అసలే దారి గుర్తుండి చావదు. చిన్నప్పుడు ఉప్పుకి పంపిస్తే గుడి వెనకాల తేలేది. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినట్టు తీసుకురావాలి దాన్ని."

"తీసుకొస్తానత్తయ్యా" అన్నాడు.

అతను బయల్దేరే రోజు కోసం చూస్తూ ఉండగానే ఆ దేశం కూడా తిరిగింది. రేడియోలో చెప్పాక గాని వీళ్ళకి కబురు పంపలేదు. వారంలోగా ఖాళీ చెయ్యమన్నారు. కాగితాలు కాల్చడం, కార్లు అమ్మడం, వరి పొలాల్లో ఉన్నవాళ్ళని పోగుచేసి విమానం ఎక్కించడం, అన్నీ వెన్‌యావ్ మీదే పడ్డాయి. సిబ్బంది అందరూ ముందే వెళ్ళిపోయారు. ఆఖరున మిగిలింది రాయబారి, అతనూ.

ఆఖరి రోజు పొద్దున ఇంట్లో ఎవరూ లేరు. వెన్‌యావ్ ఎర్రమూట జేబులో పెట్టుకుని, అస్థికల పెట్టె చేత్తో పట్టుకుని, గుమ్మంలో నిలబడి ఇంటి మాటలో పిలిచాడు. "సూయున్, బయల్దేరుతున్నాం. నాతో రా." గొంతు సులువుగానే పలికింది. ఆమె వెనక చెప్పులేసుకుంటున్నట్టే అనిపించింది అతనికి. కాసేపు ఆగి మరీ తలుపు వేశాడు.

కార్యాలయంలో జెండా దించి మడతపెట్టాక, రాయబారి థాన్ గారితో ఒకే కార్లో విమానాశ్రయానికి బయల్దేరాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. పెట్టె చూసి తల వంచి దండం పెట్టాడు కూడా. కాని ఆయన చైనా నుంచి తరలివచ్చిన ఉత్తరాది కుటుంబం మనిషి, ఇంట్లోనూ ఆఫీసు భాష మాండరినే. "విదేశీ టీవీ వాళ్ళుంటారు. బీజింగ్ వాళ్ళ మనుషులూ ఉంటారు. మన మొహంలో ఏడుపు కనపడిందంటే వాళ్ళకి పండగే. హుందాగా ఉండాలయ్యా వెన్‌యావ్" అని, అతను అక్కడ చదవాల్సిన ప్రకటనలో మాటలు మార్పించడం మొదలుపెట్టాడు.

కారు నది వంతెన ఎక్కింది. పొడుగాటి వంతెన. వెన్‌యావ్ జేబులో మూట మీద చెయ్యి వేసుకుని నోరు తెరిచాడు.

"ఏదో అన్నావు?" అన్నాడు రాయబారి, కాగితంలోంచి తలెత్తి.

"లేదు సార్."

వెన్‌యావ్‌ది బళ్ళో ఇంటి భాష మాట్లాడితే మెడలో చెక్క పలక కట్టి ఎండలో నిలబెట్టిన తరం. ఆ పలక అతనూ మోశాడు. పెద్ద చదువులు చదివి, నాలుగు భాషలు నేర్చి, దేశదేశాలు తిరిగినా, పెద్దమనిషి పక్కన కూర్చుని ఇంటి భాషలో పెళ్ళాన్ని పేరుపెట్టి కేకేయడానికి అతనికి నోరు రాలేదు. అంత నోరున్నవాడికి అదే రాలేదు. మనసులో అనుకున్నాడు, "సూయున్, వంతెన" అని. మనసులో అన్నా వింటుందిలే, పాతికేళ్ళ కాపురం కదా, అని సర్దిచెప్పుకున్నాడు. వంతెన అయిపోయింది.

విమానాశ్రయంలో కెమెరాల ముందు ప్రకటన చదివాడు. ఒక్క తప్పు పోలేదు, ఒక్క చోట గొంతు వణకలేదు. మెట్లు ఎక్కేటప్పుడు కెమెరాలు వెనకే ఉన్నాయి. అక్కడా పెదవి కదపలేదు.

తైపే దగ్గరి తావ్‌యువాన్ విమానాశ్రయంలో దిగేసరికి కూతురు యీచెన్ వచ్చి ఉంది. తైపేలో చదువుకుంటున్న పిల్ల, పట్నం నాగరికం బాగా వంటబట్టింది. పెట్టె తను తీసుకుని ఒళ్ళో పెట్టుకుని కారెక్కింది. దక్షిణానికి పోయే రహదారి మీద వంతెన వచ్చినప్పుడల్లా అద్దం దింపి, "అమ్మా, వంతెన దాటుతున్నామే, రా" అని పిలిచింది. అమ్మమ్మ నేర్పిన ఇంటి మాటలోనే. పక్క లారీ డ్రైవరు తొంగిచూసినా ఆగలేదు. జల్లు పడి జుట్టు తడిసినా అద్దం ఎత్తలేదు. పక్క సీట్లో వెన్‌యావ్ చచ్చినవాడిలా కూర్చున్నాడు. ఇంత తేలికా, అనిపించింది. నోరు తెరిస్తే అయిపోయేదే.

"నాన్నా, నువ్వూ పిలువు" అంది యీచెన్.

"నువ్వు పిలుస్తున్నావుగా తల్లీ. గొంతు బాలేదు."

మాడౌలో అత్తగారు గుమ్మం లోపలే కూర్చుని ఉంది. పెద్దవాళ్ళు తమ కన్నా ముందు పోయిన బిడ్డకి ఎదురు రాకూడదు, ధూపం వెలిగించకూడదు. అందుకని పెట్టె లోపలికి వచ్చేదాకా కుర్చీ చేతులు పట్టుకుని అలాగే ఉంది. తరవాత అల్లుణ్ణి ఎగాదిగా చూసింది.

"అన్ని చోట్లా పిలిచావా?"

"అన్నీ పద్ధతి ప్రకారం జరిగాయత్తయ్యా."

ఆవిడ మనవరాలికి సైగ చేసింది. సూయున్ ఇల్లు చేరిందో లేదో అడగాలి. నెలవంకల్లాంటి రెండు చెక్కబిళ్ళలు, ఒక వైపు చదును, ఒక వైపు గుండ్రం. నేల మీద వేస్తే ఒకటి చదునుగా, ఒకటి గుండ్రంగా పడితే అవును. రెండూ గుండ్రమైతే కాదు. రెండూ చదునైతే పోయినవాళ్ళు నవ్వుతున్నట్టు.

యీచెన్ మోకాళ్ళ మీద కూర్చుని వేసింది. "అమ్మా, ఇంటికొచ్చావా?" రెండూ గుండ్రం. మళ్ళీ వేసింది, మళ్ళీ అంతే. "అలసిపోయి ఉంటుంది, నింపాదిగా అడుగు" అంది అత్తగారు. తినడానికి ఆవిరి గిన్నె పెట్టి అడిగారు. ఇష్టమైన పంపరపనస పండు ఒలిచి పెట్టి అడిగారు. కాదు, కాదు, నవ్వు, కాదు. వెన్‌యావ్ చదువుకున్నవాడు, చెక్కముక్కలు ఎలా పడితే ఏమిటి అనుకోగలిగినవాడు. అనుకోలేకపోయాడు.

యీచెన్‌కి ఏడుపొచ్చింది. బిళ్ళలు గుండెకి ఆనించుకుని, తండ్రి వైపు ఒక్కసారి చూసి, అడగాల్సిన ప్రశ్న అడిగింది.

"అమ్మా, నాన్న నిన్ను పిలవలేదా?"

ఒకటి చదును, ఒకటి గుండ్రం.

మళ్ళీ వేసింది. అదే. మూడోసారీ అదే. మూడుసార్లు వరసగా పడితే ఇక మాట లేదు.

"కార్లో రాయబారి గారున్నారత్తయ్యా" అన్నాడు వెన్‌యావ్. ఎవరూ అడక్కుండానే. "విమానం దగ్గర కెమెరాలున్నాయి. నవ్వుతారని..."

"ఎవరు నవ్వుతారు? మీ రాయబారికి మన మాట వచ్చా?"

"రాదు."

"ఆ కెమెరాల వాళ్ళకి?"

"రాదు."

"అయితే ఆ ఊళ్ళో నీ మాట అర్థమయ్యేది మా పిల్లకొక్కదానికే" అంది అత్తగారు. ఎప్పుడూ తిట్టే ఆవిడ ఇప్పుడు తిట్టలేదు. "నీ పక్కనే నడుస్తూ, ఇప్పుడు పిలుస్తాడు, ఇప్పుడు పిలుస్తాడు అని నీ నోటికేసే చూసి ఉంటుంది."

వెన్‌యావ్ లేచి గుమ్మం దాటి బజార్లోకి వెళ్ళాడు. పడమటి వైపు తిరిగి పిలిచాడు. "సూయున్! వంతెన దాటు! నాతో రా!" ఆ గొంతు ఎవరి మీదా అంతగా లేవలేదు ఎన్నడూ. చేపలమ్మే వాళ్ళు, స్కూటర్ల మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. ఒక్కరూ నవ్వలేదు. ఒక ముసలాయన టోపీ తీసి పక్కకి తప్పుకున్నాడు. గొంతు బొంగురుపోయేదాకా పిలిచి లోపలికొచ్చాడు. యీచెన్ బిళ్ళలు వేసింది.

రెండూ గుండ్రంగా పడ్డాయి.

"ఇక్కణ్ణించి కాదు" అంది అత్తగారు. "వదిలేసిన చోటికెళ్ళి పిలవాలి. వెళ్ళు నాయనా. నేను ఖర్చు పెట్టుకుంటాను. రేపే వెళ్ళు."

"వెళ్ళనివ్వరత్తయ్యా. మన పాస్‌పోర్టు అక్కడ చెల్లదిక. మనకి ఆఫీసు లేదు, అడగడానికి మనిషి లేడు. అందర్నీ తీసుకొచ్చేశాం." అలవాటు కొద్దీ అతని గొంతు మళ్ళీ ఆఫీసు గొంతయిపోయింది. "ఆ దేశంలో మనవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు."

ముసలావిడ అతని మొహంలోకి చూసింది.

"ఒక్కతి మిగిలింది కదా నాయనా" అంది.