ఎర్రకుంటలో నీళ్ళు తాగిన తోడేలు

ఆదివారం భోజనాలయ్యాక మదీనాగూడలోని సుబ్రహ్మణ్యంగారింట్లో డైనింగ్ టేబులు మీది గిన్నెలు తీసేసి, తడిగుడ్డతో తుడిచి, ఆట పరిచేవారు. ఆట ఆయన కూతురు రసజ్ఞది. హైటెక్ సిటీలో కొత్తగా లేచిన భవనంలో ప్రోగ్రామరుగా చేస్తోంది. ఆమెతో పనిచేసే రవికిరణ్, ఉదయశ్రీ వచ్చి చెరోవైపు కూర్చునేవారు. ఇరవై ముఖాల పాచికలు రవికిరణ్ లండన్‌లో మూడు నెలలుండి వస్తూ తెచ్చాడు. లోకాన్ని మాత్రం రసజ్ఞే తయారుచేసి, లావుపాటి నోటుబుక్కులో రాసుకుంది.

అది పాతకాలపు ఐరోపా లాంటి లోకం. చక్రవర్తి సైన్యం ఎప్పుడో వెళ్ళిపోయింది, వాళ్ళు వేసిన రాతిబాటల్లో గడ్డి మొలిచింది. ఊరికో రాజు. ఏడాదిలో ఏడు నెలలు మంచు. నది మీద పొగ లేస్తే దాని వెనక దోపిడీ పడవలుంటాయని జనం పశువుల్ని తోలుకుని అడవిలోకి పారిపోతారు. మఠాల్లో సన్యాసులు కొవ్వొత్తి ముందు కూర్చుని రాజు చెప్పిందల్లా తోలు మీద రాస్తారు. ఆటలో ఒక్కొక్కరూ ఆ లోకంలో ఒక మనిషి. ఏం చేస్తున్నారో నోటితో చెప్పాలి, అది జరిగిందీ లేనిదీ పాచిక తేలుస్తుంది.

తొంభైతొమ్మిది మే నెలలో ఒక ఆదివారం ఉదయశ్రీ జ్వరం వచ్చి రాలేదు.

"నాన్నా, మఠంలో రాతగాడు కావాలి. వచ్చి కూర్చోండి," అంది రసజ్ఞ.

సుబ్రహ్మణ్యం పేపరు మడిచి వచ్చాడు. కాకినాడ మనిషి, యాభై నాలుగేళ్ళు. భూముల కొలతల ఆఫీసులో ఇరవై తొమ్మిదేళ్ళుగా పైవాళ్ళు వేలు ఎక్కడ పెడితే అక్కడ సంతకం పెడుతున్నాడు.

ఆటలో రాజభటుడు వచ్చాడు. ఏటి ఒడ్డున ఊరివాళ్ళ పచ్చిక రాజుదని రాయమన్నాడు.

"రాసేస్తాను," అన్నాడు సుబ్రహ్మణ్యం వెంటనే. తర్వాత ఏదో తోచి అడిగాడు. "ఈ లోకంలో ఎదురు చెప్పేవాడు ఒక్కడూ లేడా అమ్మా?"

"లేడు నాన్నా."

"ఇంత చీకటి లోకం ఎక్కడ చూశావే?"

"మీరు సాయంత్రాలు కాఫీ తాగుతూ అమ్మతో చెబుతారు కదా. 'పైవాళ్ళు చెప్పారు, రాశాను' అని. అదే విని రాశాను."

కూతురి గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆయనకి. పాచికను అరచేతిలో అటూ ఇటూ దొర్లించాడు.

కథ ముందుకు నడిచింది. పాడుబడ్డ రాతిబాట మీద డొక్కలో బాణం దిగిన తోడేలు ఒకటి ఎదురైంది.

"చర్మం పనికొస్తుంది. పొడిచేస్తాను," అన్నాడు రవికిరణ్.

"నేను అడ్డం నిలబడతాను," అన్నాడు సుబ్రహ్మణ్యం.

రసజ్ఞ తలెత్తింది. "మీ చేతిలో కర్ర కూడా లేదు నాన్నా."

"లేకపోతే పోనీ. నిలబడతాను."

పాచిక వేస్తే ఇరవై పడింది. అంతకు మించిన అంకె లేదు, తోడేలు బతికింది.

ఆట ముగిశాక చెప్పుల కోసం కిందికి వంగితే టేబులు కింద తోడేలు పడుకుని ఉంది. వీపు మీద మంచు ఇంకా కరగలేదు. ఆయన భార్య జయలక్ష్మి తొంగిచూసి, "గచ్చంతా తడి చేసేస్తోందండీ. ఇది పెరుగన్నం తింటుందా?" అని అడిగింది. తిన్నది. గాయానికి ఆవిడే పసుపు అద్దింది.

అప్పట్నించి అది ఆయన వెంటే తిరిగింది. బస్సులో కండక్టరు దానికి లగేజీ టికెట్టు కొట్టాడు. పక్కింటావిడ మేడ మీద వడియాలు ఎండబెట్టాననీ, అటువైపు రానివ్వొద్దనీ చెప్పి వెళ్ళింది. ఆఫీసులో అది బీరువా పక్కన పడుకునేది.

పదిహేను రోజులకి ఎర్రకుంట ఫైలు వచ్చింది. నార్సింగి అవతల చిన్న నీటికుంట. అక్కడ కాలనీ కట్టాలని ఎవరో పెద్దవాళ్ళు అనుకున్నారు. అది కుంట కాదనీ, మామూలు చెలక, అంటే మెట్ట భూమి అనీ కొలతల ఆఫీసు రాసివ్వాలి. రిపోర్టు ముందే టైపయింది. చూసినట్టు సంతకం పెడితే చాలు.

జీపులో పైఅధికారి నారాయణప్ప ముందు కూర్చున్నాడు. వెనక సుబ్రహ్మణ్యం, తోడేలు, కొలత గొలుసు పట్టుకున్న యాదయ్య.

"జర కాళ్ళు ముడుసుకోమనుండ్రి సార్ దాన్ని. గొలుసు పెట్ట జాగ లేదు," అన్నాడు యాదయ్య.

కుంట కట్టను మిషనుతో కోసేశారు. నీళ్ళన్నీ పోయి అడుగు నెర్రెలిచ్చింది. ఒక పక్క ఎర్రమట్టి కుప్పలు. గట్టు మీద ఊరి జనం పదిహేనిరవై మంది నిలబడి ఉన్నారు. ముసలి గొర్రెలకాపరి లింగయ్య ముందుకొచ్చాడు.

"మొన్నటిదాంక మా గొర్లు తాగిన కుంట సారూ. రాత్రికి రాత్రి కట్ట కోసి నీళ్ళిడిసిన్రు. మన్ను పోస్తె కుంట గాకుండ పోతదా?"

"నువ్వుండు పెద్దాయనా," అన్నాడు నారాయణప్ప. కాగితం జీపు బానెట్ మీద పరిచి అడుగున వేలు పెట్టాడు. "ఏమప్పా సుబ్రహ్మణ్యం, చూసినావు కదా. కుంటా లేదు, నీళ్ళూ లేవు. పెట్టేయ్."

సుబ్రహ్మణ్యం పెన్ను మూత తీశాడు. అలవాటైన చెయ్యి ఆ వేలి దగ్గరికి వెళ్ళింది కూడా.

తోడేలు లేచింది. నెర్రెల మీద మెల్లగా నడుచుకుంటూ కుంట నడిమధ్యకి వెళ్ళి తల వంచింది. నాలుకతో నీళ్ళు జుర్రుకునే చప్పుడు గట్టు మీదున్న అందరికీ వినిపించింది. గొర్రెలు చెవులు రిక్కించాయి. అది కడుపునిండా తాగి తిరిగొచ్చి జీపు పక్కన నిలబడితే, మూతి నుంచి కారిన నీళ్ళు నారాయణప్ప బూట్ల మీద బొట్లు బొట్లుగా పడ్డాయి.

సుబ్రహ్మణ్యానికి ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది. అయినా టైపు చేసిన కాగితాన్ని అడ్డంగా కొట్టేసి, వెనక్కి తిప్పి, తన చేతిరాతతో రాశాడు. "ఎర్రకుంట యందు నీరు ఉన్నది. ఈ దినము నా తోడేలు త్రాగుచుండగా స్వయముగా చూచితిని. కట్ట కోసివేయబడినది. ఇది చెలక కాదు, కుంట." కింద సంతకం పెట్టి తేదీ వేశాడు.

"తోడేలు తాగితే నీళ్ళున్నట్టేనా అప్పా?" నారాయణప్ప అరిచాడు.

"అది అబద్ధం తాగదండి."

"పైవాళ్ళకి ఏం చెప్పాల నేను?"

"నేను రాశానని చెప్పండి."

లింగయ్య వచ్చి సాక్షిగా వేలిముద్ర వేశాడు. తర్వాత ఒకరి వెనక ఒకరు ఊరివాళ్ళు వచ్చారు. ఆఖరున యాదయ్య గొలుసు కింద పెట్టి, "నా నౌకరి వోతదేమో సార్," అన్నాడు. అంటూనే పెన్ను తీసుకున్నాడు.

మూడోరోజు సుబ్రహ్మణ్యానికి ఉట్నూరు బదిలీ వచ్చింది. నారాయణప్ప గదిలోకి పిలిచి, మళ్ళీ రాసిస్తే ఆర్డరు ఆపిస్తానన్నాడు. "నా చేతిరాత ఇక మారదండి," అని చెప్పి సుబ్రహ్మణ్యం బయటికొచ్చేశాడు.

ఇంట్లో జయలక్ష్మి అప్పటికే గిన్నెలు గోనెసంచిలో కడుతోంది. "అడవి ప్రాంతం, చలెక్కువటండీ. దానికి మాత్రం హాయి," అంది తోడేలు వైపు చూసి. రసజ్ఞ ఉద్యోగం కోసం హాస్టల్లో ఉండిపోతానంది. తండ్రి చొక్కాలు మడతపెడుతూ, తలెత్తకుండానే అడిగింది.

"భయం వెయ్యలేదా నాన్నా?"

"వేసింది. ఇంకా వేస్తూనే ఉంది."

ఆమె పెట్టె మూసి, వచ్చి ఆయన భుజానికి తల ఆనించింది.

వానలు పడేలోపు ఊరివాళ్ళు తట్టలతో మట్టి మోసి కట్ట పూడ్చారు. ఆషాఢంలో సుబ్రహ్మణ్యం స్థానంలో వచ్చిన కొత్త అధికారి మరో టైపు కాగితంతో ఎర్రకుంటకి వచ్చాడు. ఫైలులో పదిహేడు మంది సాక్షులున్నారు, ఎదురుగా మోకాలి లోతు నీళ్ళున్నాయి. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఉట్నూరు ఆఫీసులో సుబ్రహ్మణ్యం చేరిన రోజునే అక్కడి అధికారి ఒక ఫైలు ఆయన ముందుకు తోసి, అడుగున వేలు పెట్టాడు.

"ముందు ఆ స్థలం చూడాలండి," అన్నాడు సుబ్రహ్మణ్యం.

"పన్నెండు కిలోమీటర్లు. జీపు లేదు."

"నడుస్తానండి."

ఫైలు చంకలో పెట్టుకుని ఆయన లేచాడు. కుర్చీ కింద పడుకున్న తోడేలు కూడా లేచి, ఒళ్ళు విదిలించుకుని, ఆయనకంటే ముందే గుమ్మం దాటింది.