వెయిటింగు రూము బల్ల

దర్జీ రోజూ పొద్దున్నే కొట్టు తెరిచి, మిషనుకి నూనె చుక్క వేసి, వెనక గదిలో బల్ల మీద కాసేపు కూర్చునేవాడు. ఎవరు రావాలో వాళ్ళని మనసులో తలుచుకునేవాడు. మిషను ముందుకొచ్చి కూర్చునేలోపే వాళ్ళు గుమ్మంలో ఉండేవాళ్ళు. పక్క సందు దర్జీ దగ్గరికని గుడ్డ చంకన పెట్టుకుని బయల్దేరిన మనిషి కూడా, ఏదో మరిచిపోయినవాడిలా వెనక్కి తిరిగి ఇతని గడప ఎక్కేవాడు.

అది రైల్వే స్టేషను బల్ల. దాని మీద కూర్చుని ఎదురుచూస్తే రావాల్సినవాళ్ళు వస్తారు. ఆ సంగతి ఊళ్ళో ఎరగనివాళ్ళు లేరు. స్టేషను కట్టిన నాటినుంచీ అది వెయిటింగు రూములోనే ఉండేది. మొగుళ్ళ కోసం పెళ్ళాలూ, పిల్లల కోసం తండ్రులూ ఎందరో దాని మీద కూర్చుని లేచారు. రైళ్ళు ఆగడం మానేసి, స్టేషనుకి తాళం పడ్డాక ఊరంతా తలో చెయ్యీ వేసింది. గంట బడికెళ్ళింది. గడియారం బార్బరు గోడెక్కింది. పెంకులు కోళ్ళగూళ్ళ మీదికి చేరాయి. బల్ల ఏమైందో మాత్రం ఎవరికీ తెలీదు. దాన్ని చీకటి మాటున ఇంటికి తెచ్చుకున్న దర్జీ, నేల దాకా జారేలా పూల దుప్పటి కప్పి ఉంచాడు.

ఇన్నేళ్ళకి మళ్ళీ ఓ పాసింజరు రైలు ఆగడం మొదలుపెట్టింది. రాతిగోడల స్టేషను ఊరికి పెద్దదిక్కులాంటిది, పడగొట్టి కొత్తది కడతామంటున్న రైల్వేవాళ్ళని ఆపి, దాన్ని మళ్ళీ మునుపటిలా నిలబెట్టాలని ఓ కమిటీ వేసుకున్నారు. నెమ్మదస్తుడు, ఒకళ్ళ చేత మాట పడనివాడు అని దర్జీని కూడా అందులో వేశారు. ఎవరింట్లో ఏ వస్తువున్నా తెచ్చి ఇచ్చెయ్యండి, ఎవరూ ఏమీ అనరు అని కమిటీ చాటింపు వేయించింది.

బార్బరు గడియారాన్ని చంటిపిల్లలా ఎత్తుకొచ్చాడు. "ముల్లు కదలట్లేదు. దీనికీ నాలాగే సిగ్గేసినట్టుంది," అన్నాడు. అందరూ నవ్వారు. దర్జీ అతని భుజం తట్టి, "నీలాంటివాళ్ళుండబట్టే ఊరు నిలబడింది," అన్నాడు. అన్నాడేగానీ, ఇంటికెళ్ళగానే బల్ల మీది దుప్పటి అంచుని నేలకి ఇంకాస్త లాగాడు.

ఓ రోజు వెయిటింగు రూము కిటికీలకి తెరలు కుడదామని కొలతలకి వెళ్ళాడు. అక్కడ గేటు పెద్దమ్మ నేల మీద కూర్చుని ఉంది. ఒకప్పటి గేట్‌మాన్ భార్య. బల్లకాళ్ళు నిలిచిన చోట బండల మీద నాలుగు తెల్లటి మచ్చలు మిగిలాయి. వాటి మధ్యన కూర్చుంది. ఆవిడ కూతురు ఏదో మాటపట్టింపుకి, ఇక్కడ రైళ్ళు ఆగిన ఆఖరి రోజుల్లో రైలెక్కి వెళ్ళిపోయింది. తల్లి కోపం చల్లారి, బల్ల మీద కూర్చుందామని వచ్చేసరికి బల్ల లేదు.

"కమిటీలో ఉన్నావటగా బాబూ. బల్ల జాడేమైనా తెలిసిందా?"

"వెతుకుతున్నాం పెద్దమ్మా."

"దొరికితే, పట్టుకెళ్ళినవాళ్ళని ఏమీ అనకండి. పాపం, వాళ్ళకీ ఎవరో రావాల్సినవాళ్ళుండుంటారు. ఎంతో బెంగ ఉంటే తప్ప అంత బరువు ఎవరు మోస్తారు?"

దర్జీ కొలవడం ఆపి టేపు చుట్టేశాడు. తను పిలుచుకున్నది ఎవరిని? చొక్కాలకి కొలతలిచ్చేవాళ్ళని, లాగులు వదులు చేయించుకునేవాళ్ళని.

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. ఆవిడ దారం పంటితో తెంపి, "ఇచ్చేద్దాం," అంది.

"చీకటి పడనీ."

"చీకట్లో తెచ్చుకున్నాం. చీకట్లోనే ఇచ్చేస్తే అదీ దొంగతనమే. లే, ఓ కొస నేను పట్టుకుంటా."

దుప్పటి కప్పబోతే లాగేసింది. బజారు నిండా జనం. బల్ల బరువు, చేతులు ఊరికే జారుతున్నాయి. దించిన ప్రతిచోటా ఎవరో ఒకరు నిలబడి చూశారు. ముందు రోజుదాకా తను నీతులు చెప్పిన ముఖాలే. బార్బరు కొట్టు ముందు మళ్ళీ దించారు. అతను చేతి నురగ తువ్వాలుకి తుడుచుకుని వచ్చి, మాట్లాడకుండా దర్జీ పక్కన ఓ చెయ్యి వేశాడు. ఒక్క మాట అన్నా బాగుండేదనిపించింది దర్జీకి.

నాలుగు కాళ్ళూ నాలుగు మచ్చల మీద దించారు. గేటు పెద్దమ్మ దర్జీ ముఖంలోకి ఓసారి చూసింది. బల్ల మీద కూర్చుంది.

మధ్యాహ్నం పాసింజరులో ఒకావిడ దిగింది. కళ్ళద్దాలు, సగం నెరిసిన జుట్టు. గేటు పెద్దమ్మ చూపు ఆవిణ్ణి దాటి, వెనకాల ఇంకెవరైనా దిగుతారేమోనని వెతికింది.

"అమ్మా, నేనే."

కూతురు వచ్చి తల్లి పక్కన కూర్చుంది. "ఎన్నిసార్లు బయల్దేరానో. తీరా రైలెక్కబోయేసరికి, నా కోసం ఇక్కడెవరూ కూర్చుని లేరనిపించేది. వెనక్కెళ్ళిపోయేదాన్ని."

దర్జీ స్తంభం చాటుకి తప్పుకున్నాడు.

ఆ తర్వాత కొట్టులో బేరాలు పల్చబడ్డాయి. పొద్దున్నే మిషను ముందు కూర్చుంటే వీధే కనిపించేది. అలా ఉండగా ఓ రోజు తల్లీకూతుళ్ళిద్దరూ గడప ఎక్కారు. పెద్దమ్మ సంచిలోంచి నీలం గుడ్డ తీసింది. మడతల దగ్గర రంగు వెలిసి ఉంది.

"అప్పట్లో కోపం తగ్గాక దీని కోసం కొన్నాను బాబూ. జాకెట్టు కుట్టు."

దర్జీ కూతురి భుజాల మీద టేపు పెట్టాడు. నడుము కొలిచాడు. గుడ్డ పరిచి కొలిచాడు, మళ్ళీ కొలిచాడు. సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది.

"ఏం, చాలదా?"

"చాలదు పెద్దమ్మా," అన్నాడు తలెత్తకుండా. "అప్పుడైతే సరిపోయేది."

మిషను మీద ఈగ వాలి లేచింది. గేటు పెద్దమ్మ గుడ్డ అంచు వేళ్ళతో సాపు చేసి అతని వైపు జరిపింది.

"పోనీలే నాయనా. ఎంతకొస్తే అంతే కుట్టు."