లలితకుమారి తోమిన కత్తి

ఇది విని "అబద్ధం" అనదలచుకున్నవాళ్ళు ఇప్పుడే అనేయండి, ఆగుతాను. ఎవరూ అనరా? సరే. కళ్ళకు గంతలు కట్టినా, వాసన చూసి జపాను కత్తి ఏ శతాబ్దానిదో చెప్పగల మనిషి ఈ పరదేశంలో, మా ఆంగ్ మో కియో పేట మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. వాడిని నేనే. అయినా ఈ కథ నాది కాదు, మా ఎదురు ఫ్లాటు గురునాథానిది.

గురునాథం షిప్‌యార్డులో పనిచేసి రిటైరయ్యాడు. పాత జపాను పొట్టి కత్తులు పోగుచెయ్యడం ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం. మూరెడేసి కత్తులు, పదకొండు. ప్రతి ఆదివారం పొద్దున్నే చాప పరిచి, ఊపిరి తగలకుండా పెదాల మధ్య కాగితం పెట్టుకుని, పాత నూనె తుడిచి కొత్తగా లవంగనూనె పూసేవాడు. వాళ్ళింట్లో ఉప్మా కూడా లవంగాల వాసనే వేసేది.

ఏడో కత్తి దగ్గరికి వచ్చేసరికి ఆయన భార్య లలితకుమారి చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకునేది. ఆ కత్తి అంచు పొడుగునా అలల్లాంటి గీత ఉంది. ఒరలోంచి తీయగానే హాల్లోకి సముద్రం వచ్చేది. చీలమండల దాకా, నీలంగా, చల్లగా. ఒరలో పెట్టగానే వెళ్ళిపోయేది.

కింది ఫ్లాటు పిల్ల జారా కిటికీలోంచి తల బయటపెట్టి, మాట చివర "లా" తగిలించే ఇక్కడి యాసలో అరిచేది. "అంకుల్! మళ్ళీ తీశారా? మమ్మీ బట్టలు ఆరేసింది లా!"

"అయిపోయిందమ్మా, పెట్టేస్తున్నా!"

ఆ కత్తిని చేసినవాడెవరో తెలుసుకోవాలని గురునాథానికి పంతొమ్మిదేళ్ళ ఆరాటం. శతాబ్దమంటే నేను చెప్పగలను గానీ పేరు చెప్పలేను. దేవుడు అన్నీ ఒక్కడికే ఇవ్వడు కదా. పిడి ఊడదీస్తే, లోపల కత్తి మొదలు మీద పాత తుప్పు ఉంటుంది. దాని రంగు చూసే తెలిసినవాళ్ళు కత్తి వయసూ, చేసినవాడి పేరూ తేలుస్తారు. అందుకే దాన్ని నాలుగొందల ఏళ్ళుగా ఎవరూ తుడవలేదు. చివరికి ఒసాకా నుంచి హయాషి అనే కత్తుల పండితుడు, పెద్దాయన, దసరా నాడు వచ్చి చూస్తానన్నాడు. ఆయన్ని ఒప్పించింది నా ఉత్తరమే. చదివి మూడు రుమాళ్ళు తడిపాడట.

రేపు ఆయన వస్తాడనగా, మహర్నవమి. గురునాథం బంతిపూలకని లిటిల్ ఇండియా బజారుకి వెళ్ళాడు. ఇంట్లో లలితకుమారి ఆయుధపూజకి మిక్సీ, కత్తెర, కత్తిపీట కడిగి బొట్లు పెట్టింది. తర్వాత ఏడో కత్తి అందుకుంది. వెదురు మేకు లాగి, పిడి ఊడదీసి, ఇత్తడి కుందిని తోమినట్టు చింతపండుతో తళతళా తోమేసింది. పసుపు రాసి కుంకుమ పెట్టింది.

"ఏం చేశావే ఇది!" పూలు జారిపోయాయి గురునాథం చేతిలోంచి.

"తుప్పు పట్టిపోయిందండీ. అమ్మవారి ముందు అలాగే పెట్టమంటారా?"

"నాలుగొందల ఏళ్ళ తుప్పే అది!"

"అదే కదా చెప్పేది. ఇన్నేళ్ళలో ఒక్కళ్ళకీ తోమాలనిపించలేదు."

పిడి బిగించి, ఒరలో పెట్టి, మళ్ళీ తీశాడు. నేల పొడిగానే ఉంది.

అంతే, మాట్లాడ్డం మానేశాడు. కాఫీలో పంచదార తగ్గితే గంటసేపు ఉపన్యసించే మనిషి, మర్నాడు కాఫీ వంక కూడా చూడలేదు. లలితకుమారి సూట్‌కేసు సర్దుకుంది.

"రాజోలు, మా అక్క దగ్గరికి పోతున్నానన్నయ్యా," అంది నాతో. "పలకని మనిషితో ఎలా ఉండను? ఇక రాను."

ఆమె పిలిచిన టాక్సీ డ్రైవరూ, హయాషీ ఒకే లిఫ్టులో పైకి వచ్చారు. హయాషి నడుము వంచి దణ్ణం పెట్టి, కత్తి పిడి ఊడదీశాడు. మెరిసిపోతున్న మొదలు చూసి కళ్ళు మూసుకున్నాడు. ఏదో అన్నాడు. జపనీసు నాకు మూడు రోజుల్లో వచ్చేసింది కాబట్టి నేనే తెలుగులో చెప్పాను. "దీని వయసు పోయింది. చేసినవాడి జాడా పోయింది. ఇక ఎవరూ చెప్పలేరట."

గురునాథం గోడవైపు తిరిగిపోయాడు.

"వెళ్తున్నానండీ," అంది లలితకుమారి. వెళ్ళొస్తాననలేదు.

హయాషి పిడి బిగించి ఒరలో పెట్టాడు. ఇంతదూరం వచ్చాక అంచైనా చూద్దామని కాబోలు, మళ్ళీ తీశాడు.

నీళ్ళు వచ్చాయి. చీలమండల దాకా కాదు, మోకాళ్ళు దాటి. నీలంగా లేవు, టీ రంగులో ఉన్నాయి. గోరువెచ్చగా ఉన్నాయి. సూట్‌కేసు తేలింది. లలితకుమారి వంగి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది.

"ఏవండీ," అంది. "ఇవి మా అంతర్వేది నీళ్ళండీ. గోదారి కలిసేచోటు. సగం ఉప్పన, సగం తియ్యన. చిన్నప్పుడు వీటిల్లోనే ఈత నేర్చుకున్నాను."

హయాషి కూడా రుచి చూశాడు. జేబులోంచి కాగితమూ కలమూ తీసి, "ఈ కత్తి పుట్టింది నిన్న," అన్నాడు. "చేసినవారి పేరేమిటి?"

నేను తెలుగులో చెప్పాను.

"లలితకుమారి," అన్నాడు గురునాథం గోడవైపు నుంచి తిరిగి. "లలితకుమారి అని రాయండి. మా ఆవిడ."

ఆ గొడవలో సూట్‌కేసు సంగతి అందరం మరిచిపోయాం. అది తలుపు దాటి, వరండా దాటి, మెట్ల మీదుగా దిగిపోయింది. దాని వెనకాల పదో అంతస్తు నుంచి కింది దాకా ఈదుకుంటూ వెళ్ళిన టాక్సీ డ్రైవరు ఇప్పటికీ ఈ వీధుల్లోనే బండి తోలుతున్నాడు. అడగండి. పేరు ఇఫ్తేఖార్.